ఆడవాళ్ళ ఏడాది

"పీకినవి పీకినట్టు కుప్పెయ్యక ఒక్కొక్కటీ దులిపి చూడ్డం దేనికి? వేళ్ళకి బంగారం ఏమన్నా కాసిందా?" అంటారు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో అన్నారు, మొన్నా అన్నారు. పొగాకు చివరి ఆకు కోయగానే మగవాళ్ళకి పంట అయిపోతుంది. తర్వాత పొలంలో మోళ్ళు మిగులుతాయి. వాటిని పీకి, మట్టి దులిపి, కుప్పేసి కాల్చడం ఆడవాళ్ళ వంతు. దాన్ని పని అని కూడా ఎవరూ అనరు. "ఆ మోళ్ళ సంగతి చూడండి" అంటారు, తిన్నాక పళ్ళేలు తియ్యమన్నంత తేలిగ్గా. వంచిన నడుం మళ్ళీ నిటారుగా నిలబడ్డానికి నాలుగు రోజులు పట్టే పని అది. అయినా నాకు ఆ పనంటే ఇష్టం, ఎందుకంటే అది నాకు నేర్పింది అక్క.

అక్క అంటే మా బావగారి భార్య, నా తోటికోడలు. నాకంటే ఆరేళ్ళ ముందు ఈ ఇంటికొచ్చింది. నేను వచ్చిన మొదటి ఏడే నన్ను సాలులోకి లాక్కెళ్ళి, ఒక మోడు పీకి నా మొహం ముందు పెట్టింది. "ఆకు చూసి మురిసిపోకు చెల్లీ. కింద ఏం జరిగిందో ఇదిగో, ఇక్కడ ఉంటుంది" అంది. వేరు నిండా చిన్న చిన్న బుడిపెలు. కంటికి కనిపించనంత సన్నటి నులిపురుగులు వేరులోకి దూరి అక్కడే కాపురం పెడతాయనీ, వేరు ఉబ్బిపోయి నీళ్ళు పైకి వెళ్ళవనీ, మొక్క మిట్టమధ్యాహ్నం తల వేలాడేసేది అందుకేననీ అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. బుడిపెలు ఎక్కువైతే వచ్చే ఏడు ఆకు పొట్టిదవుతుందని మాత్రం అక్కకి తెలుసు. వాటికి ఆమె దగ్గర వంటింటి కొలతలు ఉండేవి. ఆవాలు, మిరియాలు, శనగలు, అన్నిటికంటే ఘోరమైంది అల్లం. అల్లం అంటే వేరు వేరులా కాకుండా కొమ్ములు కట్టి ముద్దయిపోవడం. ఆమె ఆ సాలులోంచి "ఇక్కడ శనగలు!" అని అరిస్తే నేను ఈ సాలులోంచి "నావి ఆవాలే!" అని అరిచేదాన్ని. ఒకసారి బావగారు అటుగా వెళ్తూ విని, "ఇంట్లో సరుకులన్నీ నిండుకున్నాయా ఏంటి?" అని అడిగారు. ఆ రోజు మేం నవ్విన నవ్వుకి మట్టిలో కూలబడిపోయాం.

ఇంటి పక్కనే ఉన్న మూడెకరాల చెక్కలో రెండేళ్ళు పొగాకు వేసి మూడో ఏడు మానేసేవారు. నేల పడుకుంటుంది అనేవారు దాన్ని. మా అత్తగారి కాలం నుంచీ ఆ మూడో ఏడు ఆడవాళ్ళది. "ఆ ఏడాది మీరేం పెట్టుకున్నా అడిగేవాడు లేడు. మీ మావయ్య ఒక్కనాడూ అటు తొంగి చూడలేదు" అని అత్తగారు గొప్పగా చెప్పేది. తొంగి చూడకపోవడం గౌరవం అనుకునేది ఆవిడ, పాపం. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను.

ఆ ఏడాది గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. వంగ, టమాటా, బెండ. అక్కడ మేం వేసిన సాళ్ళు వంకరగా ఉండేవి, వంకరగా ఉన్నాయని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఏ సాలు ఎక్కడ వేద్దాం అని నా జీవితంలో నన్ను అడిగింది అక్క ఒక్కతే. తెల్లవారగానే వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేలోపు ఒకసారి పరుగెత్తుకెళ్ళి పూత చూసి వచ్చేవాళ్ళం. ఎన్నిసార్లు పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందో. మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నాక, ఆకు ఆరబెట్టే బ్యారన్ గోడ నీడలో కూర్చుని, ఎండకి వేడెక్కిన టమాటాలు ఉప్పు అద్దుకుని తినేవాళ్ళం. రసం మోచేతుల దాకా కారేది. టమాటా ఆకు పసరు వాసన వేళ్ళకి పట్టుకుని రెండు రోజులు వదిలేది కాదు. అక్క అన్నం తింటూ తింటూ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూసి, ఎవరికీ కనపడకుండా నవ్వేది. "సబ్బుకి పోదే ఇది, పోవద్దు కూడా" అనేది.

ఇంట్లో ఎవరికైనా గుప్పెడు పంచదార ఇవ్వాలన్నా అడగాలి. ఆ ఏడాది మాత్రం బుట్టలు నింపుకుని బడి పంతులమ్మకీ, దర్జీ భార్యకీ, ఎదురింటి ముసలమ్మకీ ఇచ్చి వచ్చేవాళ్ళం. ఎవరినీ అడక్కుండా ఇవ్వడం ఎంత సుఖమో అది లేనివాళ్ళకే తెలుస్తుంది. దర్జీ భార్య ఒకసారి, "మీవాళ్ళని అడిగే తెచ్చావా?" అంది భయంగా. "మాది. మా పొలం" అన్నాను. అలా అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నేను వచ్చాక అది రెండో ఆడవాళ్ళ ఏడాది. కాపు చివరికి వచ్చింది. అక్క ఇంట్లో ఉంది, నేను ఒక్కదాన్నే పొలంలో ఉన్నాను. ఒక వంగ మొక్క నిండా కాయలతో ఎండలో తల వేలాడేసి ఉంది. అలా వేలాడేసిన మొక్కని పీకకుండా ఉండగలిగే అలవాటు నాకు అప్పటికే పోయింది. పీకాను. అల్లం. పొగాకు వేరు మీద కూడా అంత అల్లం నేను ఎప్పుడూ చూడలేదు. పక్క మొక్క పీకాను, అదీ అంతే. టమాటా పీకితే శనగలు. బెండ వేరయితే పొడవునా కణుపులు కణుపులుగా ఉబ్బి ఉంది. ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. పొగాకు మానేసి నేలని పడుకోబెడుతున్నాం అనుకుంటున్నారు మావాళ్ళు. మేమిద్దరం పాదులు తవ్వి, నీళ్ళు పోసి, ఏడాది పొడుగునా ఆ బుడిపెలని కడుపు నిండా మేపుతున్నాం.

చెప్పాలి. చెబితే ఏమవుతుంది? "చూశారా, అందుకే ఆడవాళ్ళ చేతికి నేల ఇవ్వకూడదు" అంటారు, అంతే. ఇంకో మూడో ఏడు ఉండదు. ఆ మధ్యాహ్నాలు, ఆ ఉప్పు, ఆ బుట్టలు ఏవీ ఉండవు. పీకిన మొక్కలు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టేశాను. "ఏమైందే వాటికి?" అని అక్క అడిగింది. "వేరుకుళ్ళు అక్కా" అన్నాను. నేను ఆమెతో ఆడిన మొదటి అబద్ధం అది.

తర్వాతి ఏడు పొగాకు వేస్తే చెక్క మధ్యలో మొక్కలు మోకాలెత్తు దాటలేదు. వ్యవసాయాధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మంచివాడే. ఒక మొక్క పీకి, వేరు కడిగి, భూతద్దంతో చూపించి నులిపురుగుల సంగతి మొదటిసారి చెప్పింది ఆయనే. నేను మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను, అక్క నా వెనక ఉంది.

"పంట మార్పిడి చెయ్యాలండీ. వాటికి గిట్టని పంట, వేరుశనగో నువ్వులో వేశారంటే ఆకలికి మాడి చస్తాయి" అన్నాడు.

"మా తాతల నుంచీ చేస్తున్నాం సార్. మూడో ఏడు పొగాకు ముట్టుకోం" అన్నారు మా ఆయన.

"మరి ఆ ఏడు ఏం వేస్తారు?"

"ఏమీ వెయ్యం. ఖాళీ."

"ఆడవాళ్ళు ఏవో నాలుగు మొక్కలు పెట్టుకుంటారనుకోండి" అన్నారు బావగారు.

ఆయన తలెత్తి, "ఏం మొక్కలు?" అని అడిగాడు.

"అబ్బే, అవి లెక్కలోకి రావు సార్" అన్నారు మా ఆయన, చెయ్యి విదిలించి.

మూడెకరాలు. ఏడాదిపాటు ఇద్దరు ఆడవాళ్ళ రెక్కలు. లెక్కలోకి రావు. నాకు ఒళ్ళు మండిపోయింది, అదే క్షణంలో హమ్మయ్య అనిపించింది. ఆ అవమానమే నన్ను కాపాడింది. అధికారి కాగితం మీద "ఖాళీ" అని రాసుకున్నాడు. ఏడాది ఖాళీ పెట్టినా తగ్గలేదంటే మీ నేలలో పురుగు మొండిది, మార్పిడితో లొంగేది కాదు, ఇక మందే గతి అన్నాడు. నేను గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశాను. అప్పుడు ఒక్క మాట అనాల్సింది. వంకాయలు అని ఒక్క మాట.

మందంటే చల్లేది కాదు, ఆవిరి మందు. గొట్టంతో జానెడు లోతున నేలలోకి దించుతారు, అక్కడ అది ఆవిరై మట్టంతా పాకుతుంది. ఆవిరి పైకి పోకుండా ప్లాస్టిక్ పట్టాలు కప్పి అంచుల మీద మట్టి కొట్టాలి. ఇరవై రోజులు ఆగి, పట్టాలు ఎత్తి, నేల ఆరనిచ్చి, అప్పుడు నాటాలి. మందు దించడానికి మిషను మనుషులు వచ్చారు. పట్టాలు కప్పడం, ఎత్తడం మాకు చెప్పారు, దుప్పట్లు మడతపెట్టడం ఆడవాళ్ళకి బాగా వచ్చు కదా అని. ఆవిరి పోయిందో లేదో తెలుసుకునే పద్ధతి కూడా అధికారి చెప్పి వెళ్ళాడు. ఆ మట్టి గుప్పెడు సీసాలో పోసి, లోపల తడి దూది మీద ఆవాలు పెట్టి మూత బిగించాలి. మొలకొస్తే భయం లేదు. రాలేదంటే ఇంకా విషం ఉందన్నమాట. అదీ మాకే అప్పగించారు.

పన్నెండో రోజుకే మా ఆయనకి కాలు నిలవలేదు. నారుమడిలో నారు ముదిరిపోతోంది. అక్క సీసాలో పెట్టిన ఆవాలు మొలకెత్తలేదు. "ఆవాలు పాతవై ఉంటాయి వదినా" అన్నారాయన. అక్క అదే డబ్బాలోంచి ఇంకో చిటికెడు తీసి, కిటికీలో తడిగుడ్డ మీద వేసింది. మూడో రోజుకి అవి పచ్చగా లేచాయి. గుడ్డా సీసా రెండూ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎంత చదివినవాళ్ళు అంత తేటగా చూపించగలరు? ఆయన రెండూ చూశారు. "సీసాలో గాలాడక రాలేదేమో. నారు పాడైపోతే ఎవరు బాధ్యులు? రేపు పట్టాలు ఎత్తేయండి" అన్నారు.

మర్నాడు నేను ముందుకి వెళ్ళబోతే అక్క నా భుజం పట్టి వెనక్కి లాగింది. "పిల్లకి పాలిస్తున్నావు, నువ్వు దూరంగా ఉండు" అంది. మొదటి పట్టా అంచు తనే ఎత్తింది. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను, అయినా కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. అక్క మోకాళ్ళ మీద పడిపోయి దగ్గుతోంది, నోట మాట లేదు. పది రోజులు చీకటి గదిలో పడుకుంది. కళ్ళు బాగయ్యాయి. ఛాతీ కొంత బాగయింది. వాసన మాత్రం మళ్ళీ రాలేదు. "ముక్కే కదా, కన్ను పోలేదు, అదృష్టవంతురాలివి వదినా" అన్నారు మా ఆయన, ఓదార్పుగానే అన్నారు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అక్క పెద్దగా ఏడవలేదు. అన్నం అడుగంటినా తెలియక మాటలు పడింది. నా కూతురి తల వాసన చూడబోయి, ఆగి, ముద్దు పెట్టుకుని ఇచ్చేసేది. నీళ్ళ తొట్టి పక్కన ఎప్పుడో పడిన గింజకి ఒక టమాటా మొక్క లేచింది. దాని ఆకు ఒకటి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, "వస్తోందా?" అని నన్ను అడిగేది. "వస్తోంది అక్కా" అనేదాన్ని. "ఎలా ఉంది?" అనేది. ఆ వాసనని మాటల్లో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ఆడవాళ్ళ ఏడాది మళ్ళీ రాలేదు. మందు ఉండగా నేల పడుకోవడం దేనికి? ఏటేటా మందు, ఏటేటా పొగాకు. మందు వేసిన ఏడు ఆకు బాగానే వస్తుంది. కోత అయ్యేసరికి లోతున దాక్కున్నవి పైకి వచ్చి వేళ్ళు పట్టుకుంటాయి. పాతికేళ్ళు ఇదే తంతు. అక్క బదులు కూలి మనుషులతో కలిసి నేనే పట్టాలు కప్పాను, ఎత్తాను, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని. చలికాలం వస్తే నాకూ దగ్గు వదలదు.

ఇప్పుడు ఇంట్లోకి అక్క కోడలు వచ్చింది. చురుకైన పిల్ల. మొన్న మోళ్ళు పీకుతూ పక్క సాలులోంచి "చిన్నత్తయ్యా, ఇక్కడంతా అల్లం!" అని అరిచింది. ఒక్క క్షణం నాకు పాతికేళ్ళు వెనక్కి పోయినట్టయింది. అక్క ఆ కొలతలన్నీ నేర్పిందట. ఆడవాళ్ళ ఏడాది కథలూ చెప్పిందట, ఉప్పుతో సహా. "మళ్ళీ పెట్టుకుందామా చిన్నత్తయ్యా, వంకాయలు నేను పెంచుతాను" అంది. ఆ రోజు అన్నాల దగ్గర మా ఆయన, "ఈసారి మందు ఎక్కువ వేద్దాం. పట్టాలకి ఈ పిల్ల ఉంది కదా, నీ నడుంకి కాస్త విశ్రాంతి" అన్నారు. నా మీద జాలితోనే అన్నారు. ఆ పిల్ల తల ఊపింది. నేను కంచం పక్కకి జరిపి లేచాను.

మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్ళాను. వెనక వరండాలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని, తలెత్తకుండా మొత్తం చెప్పేశాను. వంగ వేరు, పొయ్యి, వేరుకుళ్ళు అని ఆడిన అబద్ధం, తలుపు దగ్గర మింగేసిన మాట. "నేను ఆ రోజు నోరు విప్పి ఉంటే ఆ మందు ఈ ఇంటికి వచ్చేది కాదు అక్కా. నీ ముక్కు నేనే తీశాను" అన్నాను.

అక్క చేతులు ఆగిపోయాయి. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఇన్నేళ్ళు ఎలా మోశావే ఇది" అంది చివరికి. "కోపం రాలేదనకు. వచ్చింది. ఉంటుంది కూడా కొన్నాళ్ళు. కానీ ఒక్కటి చూడు. నువ్వు చెప్పి ఉంటే మన పొలం పోయేది. చెప్పకపోయేసరికి మన పొలమూ పోయింది, నా ముక్కూ పోయింది. ఎటు తిరిగినా పోయినవి మనవే. వాళ్ళ ఆకు ఒక్కటి పోలేదు."

నేను లేచాను. "ఎక్కడికే?" అంది. "చెప్పడానికి" అన్నాను. ఆమె కూడా ఒడిలో చిక్కుళ్ళు పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

ముందు వరండాలో మందు డబ్బాలు దించి ఉన్నాయి. మా ఆయన, బావగారు వాటి పక్కనే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కోడలు కాఫీ ఇస్తోంది. నేను చెప్పాను. కూర్చోకుండా, గొంతు తగ్గించకుండా చెప్పాను. ఆ మూడో ఏడు ఖాళీగా లేదని, మేం వేసిన వంగా టమాటా బెండా ఆ పురుగుని మేపాయని, అవి లెక్కలోకి వచ్చి ఉంటే అధికారి మందు ఊసే ఎత్తేవాడు కాదని చెప్పాను. కోడలి మొహం చిన్నబోయింది. ఆమె వంకాయలు నా చేతులతో నేనే పీకేస్తున్నాను, ఆ సంగతి నాకు తెలుసు.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నారు మా ఆయన.

"రెండేళ్ళు పొగాకు మానాలి. వేరుశనగ వేస్తాం. మేం ముగ్గురం వేస్తాం, ఏ సాలు ఎక్కడో మేమే చూసుకుంటాం, పంట మాది."

"రెండేళ్ళా! మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆకు లేకుండా రెండేళ్ళు నన్ను చేతులు ముడుచుకుని కూర్చోమంటావా? డబ్బాలు కూడా వచ్చేశాయి."

"సరే, వేసుకోండి. కానీ ఈసారి పట్టాలు మీరూ బావగారూ కప్పండి. మీరే ఎత్తండి. మేం ముగ్గురం గట్టు మీద నిలబడి చూస్తాం."

బావగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. మా ఆయన నా వైపు, అక్క వైపు, కోడలి వైపు చూశారు. ముగ్గురిలో ఒక్కరూ కదలలేదు. తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. వంగి, పక్కనున్న డబ్బాని వెలుగు వైపు తిప్పి, పాతికేళ్ళలో మొదటిసారి, దాని మీద రాసి ఉన్నది చదవడం మొదలుపెట్టారు.